జలుబుకి ఏది మేలు: వామాకా, తులసా, జామాయిలా?

ఈశాన్య వానలు దిగాయంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటింటా ముక్కు దిబ్బడే. అందుబాటులో ఉండే ఆకులు మూడు: పెరట్లో వామాకు, కోటలో తులసి, కందుకూరు, కొండపి మెట్టల్లో జామాయిల్. మూడూ ఘాటైనవే, మూడూ జలుబుకే వాడతారు. కానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు. అసలు జలుబును ఏ ఆకూ తగ్గించదు, అది వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. ఈలోగా దగ్గు, దిబ్బడ, గొంతు గరగర కాస్త నెమ్మదించడానికే ఇవి.

దగ్గుకైతే వామాకే ముందు. వాము గింజలిచ్చే మొక్క వేరు, ఇది వేరు. దళసరిగా, నూగుతో ఉండే ఈ ఆకులో కార్వక్రాల్, థైమాల్ అనే ఘాటు పదార్థాలుంటాయి. వాములోనూ థైమాలే ఎక్కువ కాబట్టి వాసన కలిసింది. నాలుగైదు ఆకులు కడిగి, తడి తుడిచి, పెనం మీద సన్నసెగన వాడేదాకా తిప్పి, వేడి మీదే పిండితే ఒక చెంచా రసం వస్తుంది. పచ్చిగా పిండితే రసం సరిగా దిగదు, గొంతులో మంట కూడా. పెద్దవాళ్ళకు ఒక చెంచా రసంలో అంతే తేనె కలిపి పూటకొకసారి, రెండు పూటలు, మూడు రోజులు చాలు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. దానిలో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పసిపేగుల్లో విషం పుట్టిస్తాయి. వామాకు బజ్జీలు వానాకాలంలో ఎంత బాగున్నా అవి తిండే, మందు కాదు.

తులసిది గొంతు పని. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఆయుర్వేదంలో మందు తయారీ అయిదు తీరులు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. అంటే పసరు, ముద్ద, కషాయం, చన్నీళ్ళలో నానబెట్టింది, వేణ్ణీళ్ళు పోసి మూత పెట్టింది. కషాయం కాచడం బెరడు, వేరు లాంటి గట్టి సరుక్కి. ఘాటంతా ఎగిరిపోయే నూనెలో ఉండే తులసి లాంటి ఆకుకు ఫాంటమే తగినది. తులసిని మూత లేకుండా అరగంట మరగబెడితే ఇల్లంతా వాసనొస్తుంది, గ్లాసులోకి మాత్రం చేదు నీళ్ళే వస్తాయి. కాబట్టి గ్లాసున్నర నీళ్ళలో రెండు మిరియాలు దంచి వేసి అయిదు నిమిషాలు మరిగించి, దించాక పది పన్నెండు తులసాకులు తుంచి వేసి, మూత పెట్టి, ఏడెనిమిది నిమిషాలాగి వడకట్టి గోరువెచ్చగా తాగాలి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళు, షుగరు మాత్రలు మింగేవాళ్ళు, గర్భిణులు రోజూ తాగే ముందు డాక్టరును అడగడం మంచిది.

జామాయిల్ లోపలికి తీసుకునేది కాదు, ఆవిరికే. దానిలోని సినియోల్ అనే ఘాటు పదార్థం ముక్కులో చల్లదనాన్ని పట్టే నరాలను తాకుతుంది, అందుకే దారి తెరుచుకున్నట్టుంటుంది. అయితే కాగితం మిల్లుల కోసం మన మెట్టల్లో వేసేది ఒక రకం, ఊటీ వైపు నీలగిరి తైలం తీసే గ్లోబ్యులస్ రకం వేరు. మన ఆకుకు అంత ఘాటు ఉండదని పిడికిళ్ళు పెంచేయొద్దు. లీటరు నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించి నేల మీద కదలకుండా పెట్టి, పిడికెడు ముదురాకు నలిపి వేయండి. రెండు నిమిషాలు మూత పెట్టి ఆగాక, కళ్ళు మూసుకుని, మూరెడు దూరం నుంచి అయిదు నిమిషాలు పట్టండి. ఒళ్ళో, మంచం మీద గిన్నె పెట్టుకోవడం వల్లే ఒళ్ళు కాలేది. చిన్నపిల్లలకు ఆవిరి అసలు వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ ఘాటుకే ఆయాసం రావచ్చు. నీలగిరి తైలం సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి. ఒక చెంచా కడుపులోకి పోయినా పసివాళ్ళకు ఫిట్సు వచ్చి స్పృహ తప్పొచ్చు. అప్పుడు వాంతి చేయించొద్దు, సీసా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఒళ్ళు నొప్పులు కూడా ఉంటే కాలువ గట్ల మీది వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం బాగుంటుంది. ఏ ఆకైనా పొగాకు, మిరప చేల పక్కన కోయొద్దు, దాని మీద పడిన పురుగుమందు ఒక్క కడుగుడికి పోదు.

మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, పిల్లలు డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నా ఆకులు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఒక్క కుండీకే చోటుందంటే వామాకు పెట్టండి. జానెడు కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు. దీనికి చేటు నీళ్ళే: వానలు పట్టినన్నాళ్ళూ కుండీని చూరు కిందికి జరపండి, లేదంటే మొదలు కుళ్ళిపోతుంది.