తేలినీలాపురం పక్షులు: నా ఓటు ఐదుకు నాలుగు

పక్షుల కేంద్రం అంటే బోనులు ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న ఈ ఊళ్లో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే కాపురం పెట్టేస్తాయి. మా అత్తయ్య పక్షుల్ని వదిలేసి, ‘ఈ రెట్టల కింద బట్టలెక్కడ ఆరేస్తారమ్మా?’ అని ఒకటే బెంగ. న్యాయమైన ప్రశ్నే, టోపీ తప్పనిసరి! గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటుంది. అది చూస్తూ మా బుడ్డోడు ఫోన్ అడగడమే మర్చిపోయాడు. దానికే ఒక మార్కు ఎక్కువ వేశాను. వాసన మాత్రం గట్టిదే, ఒక మార్కు అక్కడే పోయింది. వెళ్తే చలికాలంలోనే వెళ్లండి, ఎండలు ముదిరేసరికి గూళ్లు ఖాళీ అయిపోతాయి. పులిహోర ఇంటినుంచే కట్టుకెళ్లండి, చెట్టు కింద మాత్రం మూత తీయకండి.