అమ్మ క్యాన్సర్ ట్రయల్‌లో మూడేళ్లు: సంతకం పెట్టిన ఆ కాగితాల మీద నా రివ్యూ

అమ్మకి రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో కొత్త మందు ట్రయల్‌లో చేరి మొన్నటికి మూడేళ్లు నిండాయి. మందు సంగతి డాక్టర్లు రాసుకుంటారు, నేను రాసేది పేషెంట్ హక్కులంటూ మా చేతికిచ్చిన కాగితాల గురించి.

మాది ఖమ్మం జిల్లా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని 2009లో ఒక అధ్యయనం కింద మా వైపు ఆడపిల్లలకి టీకాలు వేసినప్పుడు, చాలామందికి అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగానే తప్పుబట్టింది. అందుకే ట్రయల్ అనగానే మా మేనమామ "ఎలకల మీద చేసినట్టు చేస్తార్రా, సంతకం పెట్టకండి" అని ఒకటే గొడవ.

సమ్మతి పత్రం 19 పేజీలు. తెలుగులోనే ఉంది, కానీ అదేం తెలుగో! "మీరు యాదృచ్ఛికంగా కేటాయించబడతారు" అని ఉంటే, అమ్మకి చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపిస్తున్నా, "అంటే ఏంట్రా" అంది. నాకే నోరు తిరగలేదు, ఇంక ఏం చెప్పను. కోఆర్డినేటర్ అమ్మాయి అందుకుని "చీటీ తీసినట్టమ్మా, మీకు కొత్త మందొస్తుందో పాతదొస్తుందో డాక్టర్‌గారి చేతిలో కూడా ఉండదు" అంది. ఆ ముక్కే కాగితం మీద రాస్తే ఏం పోయింది?

చదువు రాని పేషెంటైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదట్నుంచీ కూర్చుని విని సంతకం పెట్టాలి. వాళ్లేమో తమ నర్సునే పిలిచారు. నేను ఒప్పుకోలేదు. కాస్త మొహం మాడ్చుకున్నారు గానీ చివరికి పక్క మంచం పేషెంట్ కొడుకుని కూర్చోబెట్టారు, ఆయన లెక్చరర్, మాకంటే ఆయనే ఎక్కువ ప్రశ్నలేశాడు. వీడియో కూడా తీశారు. "ఎప్పుడైనా మానేయొచ్చు, తెలుసా అమ్మా?" అంటే అమ్మ కొంగు సర్దుకుని "మీరు మానమంటే మానేస్తా" అంది. ఆ అమ్మాయి "మేం అనడం కాదు, మీకు వద్దనిపిస్తే" అని మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఆ ఓపికకి మాత్రం ఫుల్ మార్కులు.

తనకేమైనా అయితే పరిహారం ఎవరికివ్వాలో నామినీ పేరు రాయమన్నప్పుడు అమ్మ నా వంక ఓ చూపు చూసింది, ఇప్పటికీ మర్చిపోలేను. ఏడాది ఆదాయం కూడా అడుగుతారు. తీరా చూస్తే కొత్త మందుల ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్‌లో ట్రయల్ వల్ల ప్రాణం పోతే ఇచ్చే పరిహారం లెక్కలో ఆదాయం ఊసే లేదు. 8 లక్షలు మూలం, దానికి వయసు, జబ్బు తీవ్రత కలిపి లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 4తో గుణిస్తే, ఆర్నెల్లకి మించి బతకరనుకున్నవాళ్లకి 0.5తో గుణిస్తారు. క్యాన్సర్ ముదిరినవాళ్ల ప్రాణం అంత చవకా అనిపించింది నాకు.

అసలు పరీక్ష ఎనిమిదో నెలలో. అమ్మ వేళ్లకి తిమ్మిర్లు, ముగ్గుపిండి చేతిలో నిలవట్లేదు. మానేస్తానంది. ఒక జూనియర్ డాక్టరు "మానేస్తే మళ్లీ ఇక్కడ బెడ్ దొరకడం కష్టం" అన్నాడు. నేరుగానే అన్నాడు, నేను పక్కనే ఉన్నా. ఇంటికెళ్లి సమ్మతి పత్రం మా కాపీ తీశా. మానేసినా మామూలు వైద్యం ఆగదని ఐదో పేజీలో ఉంది, చివరి పేజీలో ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, ఫోన్ నంబర్ ఉంది. రెండ్రోజులు మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడోరోజు ఒకావిడ ఎత్తి, ఉత్తరం రాసి పంపమన్నారు. ఈ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగంమంది ఆసుపత్రికి బయటివాళ్లై ఉండాలి. పేరుకే ఉంటుందనుకున్నా గానీ, తర్వాతి విజిట్‌లో పెద్ద డాక్టర్‌గారే వచ్చి "ఉన్నా మానేసినా వైద్యం ఇక్కడే" అన్నారు. డోసు తగ్గించారు. అమ్మ తనంతట తానే ఉండిపోయింది.

ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టి సీటీఆర్ఐ, అంటే దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే సైట్‌లో వివరాలు చూసుకోవచ్చు, 2009 జూన్ నుంచి అక్కడ నమోదు తప్పనిసరి. కాకపోతే అంతా ఇంగ్లీషే, మా మేనమామకి చూపించి ఏం లాభం.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ అర కోఆర్డినేటర్ అమ్మాయికి. మా కాపీ రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచింది అమ్మ. దారిఖర్చులు మాత్రం ఇంకా రెండు విజిట్లవి రావాలి.