మాస్కో ‘ప్రభుత్వ భవనం’: చూడాల్సిందే, కొనాలంటే మాత్రం ఆలోచించండి

క్రెమ్లిన్‌కు కాస్త పక్కగా, నది అవతలి ఒడ్డున ఉన్న ఈ బూడిదరంగు సముదాయం సోవియట్ పెద్ద అధికారుల కుటుంబాల కోసం కట్టిన ఇళ్ళు, వాస్తుశిల్పి బోరిస్ ఇయోఫాన్ నమూనా. 1931లో పూర్తయింది. 505 ఫ్లాట్లు, ఆవరణలోనే సినిమా హాలు, దుకాణం, లాండ్రీ, భోజనశాల. గదులు విశాలం, సీలింగు బాగా ఎత్తు. వంటగది మాత్రం ఇరుకు, ఎందుకంటే భోజనం భోజనశాల నుంచే వస్తుందన్న లెక్కతో కట్టారు. కుర్చీలూ బల్లలూ ప్రభుత్వానివే, వాటికి నంబరు బిళ్ళలు ఉండేవి.

కాలం గడిచి పాడైన కట్టడం కాదిది. పదేళ్ళు నిండకముందే 1937–38లో స్టాలిన్ ప్రభుత్వం జరిపిన అరెస్టులు దీన్ని దెబ్బతీశాయి. వందల మందిని తీసుకుపోయారు. మిగిలిన కుటుంబాల్లో చాలామందిని ఖాళీ చేయించారు, ఒక్కో ఫ్లాట్‌లో పలు కుటుంబాలను సర్దారు. ఒక కుటుంబానికి గీసిన వంటగది మూడు కుటుంబాలకు ఎలా సరిపోతుంది? ఈ ఇంటి మీద మాకు గౌరవమూ ఉంది, బాధా ఉంది.

కొనేవాళ్ళు నదివైపు వెలుతురు చూసి మురిసిపోకండి. ఏటి ఒడ్డు పాత ఇళ్ళలో కింది అంతస్తుల గోడల అడుగున తెల్లటి ఉప్పు పూత ఉందేమో చూడండి. వేలి కణుపుతో కొట్టండి, డొల్లగా మోగితే ప్లాస్టర్ గోడను వదిలేసినట్టే. పైన రంగు వేస్తే ఆగదు, చెమ్మ మళ్ళీ పైకి పాకుతుంది. పాత పైపులు మార్చారో లేదో కూడా అడగండి.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మొదటి ద్వారం దగ్గరి మ్యూజియం వదలొద్దు. 1989లో అక్కడి నివాసులే మొదలుపెట్టారు. చిన్నదే, కానీ ఆనాటి సామాను అక్కడే కనిపిస్తుంది.