అరిగిన మోకాళ్లకు ఏ యంత్రం? రికంబెంట్ బైక్ మీద సమీక్ష, పక్కన మిగతావి కూడా

20, 30 కిలోలు తగ్గాక కూడా మోకాళ్లు మొరాయించేవాళ్లు చాలామందే ఉంటారు. నొప్పి కొంత తగ్గిన మాట నిజమే. ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది మరి. కానీ ఎక్స్‌రేలో నాలుగో గ్రేడు అని తేలిన మోకాలు, గుజ్జు పోయి ఎముకకు ఎముక తగులుతున్న మోకాలు, బరువు తగ్గినంత మాత్రాన కొత్తది కాదు. పైగా పోయినదంతా కొవ్వే కాదు. ఆపరేషన్‌తో తగ్గినా, ఇంజెక్షన్లతో తగ్గినా, తిండి కట్టడితో తగ్గినా అందులో దాదాపు నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, కండ వంటి కొవ్వు కాని భాగం ఉంటుంది. మోకాలిని పట్టి నిలిపేది తొడ ముందు కండరం. అది సన్నబడితే ఒళ్లు తేలికైనా మెట్టు దిగేటప్పుడు కాలు వణుకుతుంది.

అందుకే ఇక్కడ ప్రతి యంత్రాన్నీ ఒక్క ప్రశ్నతోనే తూచాం: కీలును నూరకుండా తొడకు పని పెడుతుందా? ఇంట్లో చోటు, చేతిలో డబ్బు ఉంటే వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ బైక్ కొనండి. లేకపోతే ఒక గట్టి కుర్చీ, కాలికి కట్టే అరకిలో బరువులు, ఊళ్లో ఈత కొలను ఉంటే అందులో నడక. షోరూముల్లో ముందు వరుసలో మెరిసేవాటిలో ఎక్కువ భాగం ఈ మోకాళ్లకు పనికొచ్చేవి కావు.

ఎందుకంటే బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ల కృత్రిమ కీలు లోపలే కొలిచే పరికరం అమర్చి, ఏ పనికి ఎంత భారం పడుతోందో నేరుగా చూశారు. చదును నేల మీద నడిస్తే ఒంటి బరువుకు సుమారు 2.6 రెట్లు. కుర్చీలోంచి లేస్తే 2.5 రెట్లు. మెట్లు ఎక్కితే 3.2, దిగితే 3.5 రెట్లు. కదలని సైకిల్‌ను నిమిషానికి 40 చుట్ల వేగంతో, 60 వాట్ల ఓ మోస్తరు బిగువులో తొక్కితే 1.2 రెట్లే. 80 కిలోల మనిషి మెట్లు దిగితే మోకాలి మీద 280 కిలోలు పడుతుంటే, సైకిల్ మీద 100 లోపే అన్నమాట. బిగువు తగ్గించి కాస్త వేగంగా తొక్కితే అది ఇంకా తగ్గుతుంది.

మామూలు ఎక్సర్‌సైజ్ సైకిల్‌కూ ఇదే లెక్క కదా అనొచ్చు. తేడా ఎక్కడంలో, కూర్చోవడంలో ఉంది. మామూలు సైకిల్‌కు ఒక కాలు మీద నిలబడి రెండోది ఎత్తి అవతల వేయాలి; ఒంటికాలి నిలువు కూడా నడకంత భారమే. రికంబెంట్‌లో పక్క నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. బరువు బాగా తగ్గినవాళ్లకు పిరుదుల దగ్గర మెత్త పోయి సన్నని సీటు తోకెముకకు గుచ్చుకుంటుంది. ఇందులో వెడల్పాటి సీటు, వీపుకు ఆనుకునే పలక ఉంటాయి. అరగంట కూర్చోగలిగితేనే కదా అరగంట తొక్కేది.

ధర సుమారు 15,000 నుంచి 35,000 రూపాయల మధ్య. ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి కొనకుండా, కుదిరితే షోరూముకు వెళ్లి కూర్చుని చూడండి. మొదట చూడాల్సింది సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో. 50 సెంటీమీటర్లకు తక్కువైతే తొక్కడం సులువే గాని, దిగడం నరకం. రెండోది, సీటును ముందుకు వెనక్కి జరిపే మీట కూర్చున్నచోట నుంచే అందాలి. కొన్నింటిలో దిగి, వంగి, మర బిగించాలి. 5 అడుగుల లోపు ఎత్తున్నవాళ్లు సీటును పూర్తిగా ముందుకు జరిపి, దూరపు పెడల్‌కు కాలు అందుతోందో లేదో చూడాలి. కొన్ని మోడళ్లు పొడుగువాళ్ల కొలతలకు చేసినవి, ఎంత జరిపినా కాలు సాగదీయాల్సిందే. బిగువు అయస్కాంతంతో వచ్చేదై ఉండాలి. అందులోనూ ఒకటో నంబరు దగ్గర వేలితో నెట్టినా పెడల్ తిరిగేంత తేలిగ్గా ఉందో లేదో చూడండి. అమ్మేవాళ్లు 8వ నంబరు, 16వ నంబరు చూపించి మురిపిస్తారు. మీకు కావాల్సింది ఒకటి, రెండు, మూడు. హ్యాండిల్ పట్టుకుంటే నాడి చెప్పే సెన్సర్లనూ, తెర మీద కేలరీలనూ చూసి ధర ఎక్కువ పెట్టొద్దు. రెండూ నమ్మదగ్గవి కావు.

ఇంటికి వచ్చాక బిగించేటప్పుడే చాలా సైకిళ్లు పాడవుతాయి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది: కుడి పెడల్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు బిగిస్తే, ఎడమదాన్ని ఎదురు వైపు తిప్పాలి. పెడల్ మీద ఉన్న ఎల్, ఆర్ అక్షరాలు చూసుకుని, మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పి, సాఫీగా వెళ్తేనే స్పానర్ పట్టాలి. బలవంతంగా ఎక్కిస్తే లోపలి మర అరిగి పెడల్ ఊడిపోతూనే ఉంటుంది, ఆ ముక్కకు వారంటీ ఇవ్వనంటారు. వారం తొక్కాక రెండు పెడళ్లనూ మళ్లీ బిగించండి. కిందున్న కాళ్ల మరలు తిప్పి నేలకు సమం చేయకపోతే, తొక్కేటప్పుడు వచ్చే కిర్రుమనే శబ్దం బేరింగుదనుకుని మెకానిక్‌ను పిలుస్తారు.

సీటు దూరం అన్నిటికంటే ముఖ్యం. పెడల్ బాగా దూరంగా ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టండి. మోకాలు ఇంచుమించు నిటారుగా రావాలి. అలా సరిచేశాక మడమ తీసి, వేళ్ల వెనకున్న గట్టి భాగం పెడల్ మీద పెడితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. అదే సరైన దూరం. మోకాలు పూర్తిగా చాపలేనివాళ్లు ఒక గడి ముందుకు జరపాలి. పూర్తిగా మడవలేనివాళ్లది వేరే చిక్కు. పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 105 నుంచి 110 డిగ్రీలు వంగాలి. 90 దగ్గరే పట్టేస్తుంటే సీటు ఒక గడి వెనక్కి జరిపి, పెడల్‌ను ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపుతూ అర చుట్లతో మొదలుపెట్టండి. పూర్తి చుట్టు మొదట వెనక్కి తొక్కేటప్పుడు వస్తుంది, ముందుకు తర్వాత. తుంటి పైకెత్తి దొంగతనంగా చుట్టు తిప్పారంటే ఆ రాత్రి నడుము చెబుతుంది.

మొదటి రెండు వారాలు ఒకటో నంబరు బిగువులోనే, నిమిషానికి 50, 60 చుట్లు, పూట పూటకూ 5 నిమిషాలు. మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ 20 నిమిషాలకు చేరాకే రెండో నంబరు. నిమిషాలూ బిగువూ ఒకేసారి పెంచితే, వాపు వచ్చినప్పుడు దేనివల్లో తెలీదు.

నొప్పి వచ్చిన చోటు కారణం చెబుతుంది. మోకాలి చిప్ప చుట్టూ, ముందువైపు నొప్పి అంటే సీటు దగ్గరగా ఉంది, లేదా బిగువు ఎక్కువై చుట్లు తగ్గాయి. మోకాలి వెనక గుంటలో లాగుతోందంటే సీటు దూరమైంది. లోపలివైపు నొప్పి అంటే పెడల్ పట్టీ బిగించి పాదాన్ని బలవంతంగా నిటారుగా పెట్టారు. దొడ్డికాళ్లవాళ్లకు పాదం కొంచెం బయటికి తిరిగి ఉండటం సహజం. పట్టీ వదులు చేసి, పాదం దాని ఇష్టానికి వదిలేయండి.

ఎంత నొప్పి దాకా ఓర్చుకోవచ్చు? డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే మోకాలి వ్యాయామ కార్యక్రమం వాడే కొలత బాగుంది. సున్నా నుంచి 10 దాకా నొప్పిని కొలిస్తే 2 దాకా ఫరవాలేదు, 5 దాకా ఓర్చుకోవచ్చు, 5 దాటితే ఆపాలి. 24 గంటల్లో నొప్పి మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే మానేయక్కర్లేదు, మర్నాడు సగానికి తగ్గించండి. మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోతే, ఎర్రగా వేడెక్కి వాస్తే, పిక్క ఒక్కటే ఉబ్బితే మాత్రం యంత్రం వదిలి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కుర్చీ ముందు నేల మీద పెట్టుకుని తొక్కే చిన్న పెడల్ యంత్రం. 1,500 నుంచి 4,000 రూపాయల్లో వస్తుంది. బిగుసుకున్న మోకాలికి ఇది నిజంగా మంచిది, ఎందుకంటే పెడల్ చేయి పొట్టిది, మోకాలు తక్కువ వంగినా చుట్టు పూర్తవుతుంది. అంతకుమించి ఆశించొద్దు. బిగువు పెంచితే యంత్రమే ముందుకు జారిపోతుంది. టైల్స్ నేల మీద మరీ. రబ్బరు చాప వేసి, యంత్రాన్ని గోడకు ఆనించి, చక్రాలు లేని కుర్చీలో కూర్చోండి. పట్టీ రాపిడితో బిగువు ఇచ్చే రకాల్లో పది నిమిషాలకే ఆ భాగం చేయి కాలేంత వేడెక్కుతుంది. దీన్ని బల్ల మీద పెట్టి చేతులతో తిప్పితే మంచి ఆయాసం వస్తుంది. మోకాలు వాచిన వారంలో గుండెకు పని ఆగకుండా చూడటానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

చేతులూ కాళ్లూ కలిపి ఊపే ఎయిర్ బైక్ ఎత్తైన సీటుది, ఎక్కడమే కష్టం. జిముల్లోని స్పిన్ బైక్ ఇంకా ప్రమాదం. బరువైన చక్రం పెడళ్లకు నేరుగా కలిసి ఉంటుంది కాబట్టి మీరు ఆపినా అది ఆగదు, మోకాలిని తిప్పేస్తుంది. నిలబడి రెండు పలకల మీద నడిచినట్టు తొక్కే క్రాస్ ట్రైనర్ మీద పాదం లేవదు నిజమే, కానీ మొత్తం బరువు మోకాలు వంచే మోయాలి, చవక రకాల్లో అడుగు పొట్టిదై మెట్లెక్కినట్టే ఉంటుంది. ట్రెడ్‌మిల్ అంటే నడకే. నడవగలిగితే వీధి చాలు, నొప్పి లేని వైపు చేతిలో కర్ర పట్టుకుని. నిలబడితే వణికించే పలకలు, నడుముకు బిగించే బెల్టులు కొనకండి.

సైకిల్ ఒక్కటే తొక్కితే ఆయాసానికి అలవాటు పడతారు గాని, పోయిన కండ అంతా తిరిగి రాదు. దానికి కాలికి కట్టే బరువులు అరకిలోవి, తర్వాత ఒక కిలోవి. ఇసుక నింపినవి కుట్ల దగ్గర కారతాయి. ఇనుప గుళ్లవి మేలు. మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ 5 సెకన్లు తొడ బిగించడం, పదిసార్లు. ఆపైన రెండో మోకాలు మడిచి ఉంచి, ఈ కాలు నిటారుగా ఒక అడుగు ఎత్తి నిలపడం. ముందు బరువు లేకుండా పదేసి మూడు విడతలు వచ్చాకే అరకిలో కట్టండి. కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామంలో చిప్ప కింద కరకరమని నొప్పి వస్తే చివరిదాకా చాపకుండా సగంలో ఆపాలి. కూర్చుని బరువెత్తేటప్పుడు చిప్ప మీద ఒత్తిడి ఎక్కువయ్యేది ఆ చివరి భాగంలోనే. చేతులు ఆన్చకుండా లేవడం మొదట దిళ్లు వేసి 55 సెంటీమీటర్ల ఎత్తు చేసుకున్న కుర్చీలోంచి, ఐదుసార్లు. రెండు వారాలకో దిండు తీసేయండి. రబ్బరు పట్టీలు కొంటే రంగు చూసి మోసపోవద్దు: థెరాబ్యాండ్‌లో పసుపు తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, వేరే కంపెనీల్లో అదే రంగుకు అదే బిగువు ఉండాలని లేదు.

నీళ్ల సంగతి. నడుము లోతులో నిలబడితే ఒంటి బరువులో సగమే కాళ్ల మీద ఉంటుంది, ఛాతీ లోతులో మూడో వంతు కూడా ఉండదు. ఈత రానక్కర్లేదు, ముందుకు, వెనక్కి, పక్కకు 15 నిమిషాల నడక చాలు. కప్పలా కాళ్లు కొట్టే ఈత మాత్రం మోకాలి లోపలివైపు ఎముకలను కలిపి పట్టే లిగమెంటును లాగుతుంది, వద్దు. కొలనును ఎంచుకునేటప్పుడు నీళ్ల శుభ్రత ఎలాగూ చూస్తారు. దిగే దారి కూడా చూడండి. నిలువు ఇనుప నిచ్చెన ఒక్కటే ఉంటే బయటికి ఎక్కడానికి మోకాళ్లు సహకరించవు. వెడల్పు మెట్లూ పట్టుకునే కడ్డీ ఉన్న కొలను కొంచెం దూరమైనా అదే మంచిది. ఆడవాళ్ల బ్యాచ్ వేళలూ, నైలాన్ ఈత దుస్తుల నిబంధనా ముందే అడగండి.

నీక్యాప్ గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో బ్రేసులూ పట్టీలూ అందరికీ మామూలుగా ఇవ్వొద్దనే చెప్పింది. మోకాలు పట్టుతప్పి జారుతున్నప్పుడో, భారం ఒకవైపే పడుతున్నప్పుడో, అది కూడా అవి లేనిదే వ్యాయామం కుదరకపోతేనే అవసరం. బరువు తగ్గుతున్నవాళ్లకు ఇంకో ఇబ్బంది: నిరుడు కొన్న సైజు ఇప్పుడు జారి మడత పడి చర్మాన్ని కోస్తుంది. తొడల దగ్గర వేలాడే చర్మం ఒరుసుకోకుండా బిగుతైన షార్ట్స్ వేసుకుంటే సైకిల్ సగం సులువు.

బరువు తగ్గే ఆపరేషన్, ముఖ్యంగా పొట్టకు చేసే గ్యాస్ట్రిక్ బైపాస్, చేయించుకున్నవాళ్లు తొక్కాక నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఉంది. పైపూత జెల్ గురించి డాక్టర్ను అడగండి. బీపీ, షుగర్ మందుల మోతాదు పాత బరువుకు రాసినదైతే, సైకిల్ దిగి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. మొదలుపెట్టే ముందే ఆ చీటీ మళ్లీ రాయించుకోండి.

రికంబెంట్ బైక్ సెకండ్‌హ్యాండ్‌లో సగం ధరకు దొరకొచ్చు, ఎందుకంటే కొన్నవాళ్లలో చాలామంది దాని మీద బట్టలు ఆరేస్తారు. చూడటానికి వెళ్లినప్పుడు పెడళ్లు పక్కకు ఊగుతున్నాయా, సీటు పట్టా మీద జరిపి వదిలితే గడిలో పడుతోందా, ఒకటో నంబరుకూ ఐదో నంబరుకూ బిగువులో తేడా తెలుస్తోందా చూడండి. తేడా తెలియకపోతే లోపలి తీగ తెగి ఉంటుంది, అది చిన్న ఖర్చే. ఎడమ పెడల్ మర అరిగి ఉంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.