బాత్‌రూమ్ గ్రాబ్ బార్లు: మూడేళ్ళు వాడాక

మా అత్తయ్యగారికి ఇప్పుడు 79. మూడేళ్ళ కిందట కార్తీక మాసంలో, తెల్లవారుజామున కమోడ్ మీద నుంచి లేస్తూ టవల్ రాడ్ పట్టుకున్నారు. అది స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. అదృష్టం బాగుండి మళ్ళీ కమోడ్ మీదికే కూలబడ్డారు కాబట్టి మోచెయ్యి కమలడంతో పోయింది. తుంటి ఎముక విరిగిన మా ఎదురింటి పెద్దావిడ అప్పటికే ఆర్నెల్లుగా మంచంలో ఉన్నారు. ఆ భయంతో ఆ వారమే గ్రాబ్ బార్లు, అంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే కమ్మీలు, కొన్నాం.

ముందు కొన్నది గోడకి రబ్బరు కప్పులతో అతుక్కునే రకం. డ్రిల్లింగ్ గొడవ ఉండదు కదా అని మోజుపడ్డాను. దయచేసి కొనకండి. మా బాత్‌రూమ్‌లో పాతకాలం చిన్న టైల్సు. కప్పు కిందకి టైలు అతుకు వచ్చిందంటే గాలి దూరిపోతుంది. పెట్టిన రోజు నేను ఎంత లాగినా కదల్లేదు, నాలుగో రోజు పొద్దున చూస్తే బకెట్లో పడి ఉంది. ఏమీ లేకపోతే మనిషి భయంభయంగా లేస్తుంది. ఇదొకటి ఉందంటే నమ్మి బరువంతా వేసేస్తుంది.

తర్వాత స్టీలువి, 304 రకం (త్వరగా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు), రెండు తెచ్చాం. 18 అంగుళాలది కమోడ్ పక్కకి, 24 అంగుళాలది స్నానం చేసే చోటికి. ప్లంబరు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి బిగించబోయాడు. "ఇవి చాలమ్మా, అందరికీ ఇవే పెడతా" అన్నాడు. టవల్ రాడ్డుకీ అవే పెట్టారని చెప్పి, గోడ లోపల విచ్చుకుని గట్టిగా పట్టే లావుపాటి యాంకర్ బోల్టులు తెప్పించాను. మాది ఎర్ర ఇటుక గోడ కాబట్టి సరిపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక బ్లాకుల గోడలుంటాయి, వాటికి వేరే రకం ఫాస్టెనర్లు కావాలి. ముందే కనుక్కోండి. బిగించాక 80 కిలోల మా ఆయన్ని పట్టుకుని వేలాడమన్నాను. అదే మా క్వాలిటీ చెకింగ్.

ఎక్కడ పెట్టాలన్నది పెట్టె మీద బొమ్మ చూసి తేల్చలేదు. అత్తయ్యగారినే కూర్చుని లేవమన్నాం. చెయ్యి ఎటు పోతే అక్కడ పెన్సిలుతో గీత పెట్టాం. అప్పుడే ఇంకోటి గమనించాను. బాత్‌రూమ్ తలుపు చట్రం మీద, నడుమెత్తులో, అరచెయ్యంత జిడ్డు మరక. ఏళ్ళుగా దాన్ని సర్ఫు పెట్టి తోముతున్నానే గానీ ఎందుకు పడుతోందో ఆలోచించలేదు. నీళ్ళు బయటికి రాకుండా కట్టిన గట్టు దాటేటప్పుడు ఆవిడ పట్టుకునేది అక్కడ! ఆ పక్క గోడకి 12 అంగుళాలది నిలువుగా పెట్టించాం. ఇవాళ మూడిట్లో ఎక్కువ వాడేది అదే.

మొదటి రెండు వారాలు ఆవిడ వాటిని ముట్టుకోలేదు. "నేనేమన్నా మంచాన పడ్డానా? ఇంటిని ఆస్పత్రి చేశారు" అని ఒకటే సణుగుడు. మొన్న సంక్రాంతికి కూతురింటికి వెళ్ళి నాలుగో రోజే వచ్చేశారు. ఏమని అడిగితే "అక్కడ కమ్మీ లేదమ్మాయ్" అన్నారు.

లోపాలు లేకపోలేదు. బార్లకి తుప్పు రాలేదు గానీ వాటితో వచ్చిన స్క్రూలకి ఏడాదిలోనే వచ్చింది, స్టీలువి వేయించాం. గోడ దగ్గర ఉండే గుండ్రటి మూతలు జారి, వెనకాల సబ్బు నీళ్ళు చేరతాయి. నునుపుగా మెరిసే రకం కొనడం నా పొరపాటు, సబ్బు చేతికి జారుతుంది. గరుకు గీతలున్నది తీసుకోవాల్సింది. వీటితోపాటు కొన్న జారని మ్యాట్ మాత్రం శుద్ధ దండగ. వారానికే అడుగున పాచి పట్టి, అదే జారడం మొదలుపెట్టింది. పారేసి, ఆదివారం ఆదివారం బ్లీచింగ్ వేసి గచ్చు రుద్దిస్తున్నాం.

ఇన్ని పెట్టినా రెండో ఏడు ఆవిడ పడ్డారు, అదీ బాత్‌రూమ్‌లో కాదు. రాత్రి రెండింటికి మంచం దిగి నిలబడగానే కళ్ళు తిరిగాయి. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే నిలబడ్డప్పుడు పై అంకె 20 పాయింట్లకి పైగా తగ్గింది. బీపీ మాత్ర డోసు మార్చారు, లేచేముందు మంచం అంచున కాసేపు కాళ్ళు వేలాడేసి కూర్చోమన్నారు. మనిషి కదిలితే వెలిగే లైటు కూడా పెట్టాం. చార్జింగ్ అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోరు, అందుకని నేరుగా ప్లగ్గులో పెట్టేదే నయం.

ఇక మిగిలింది ఒకటే. స్నానాల దగ్గరి బారు మీద ఆవిడ ఇప్పటికీ తడి తువ్వాలు ఆరేస్తారు. ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అక్కడే. పట్టు దొరకదని చెబితే వినరు. పాత టవల్ రాడ్డు ఉన్న చోట గోడ ఇంకా బోసిగానే ఉంది, ఈసారి ప్లంబరు వస్తే ముందు అక్కడొకటి కొట్టించాలి.