గుంటూరు నుంచి డాలస్: దుబాయా, ఫ్రాంక్‌ఫర్టా, ఢిల్లీయా?

పిల్లల దగ్గరికి అమ్మానాన్నలను పంపాలనుకునే వాళ్లంతా అడిగేది ఒకటే, ఏ దారి దగ్గర అని. నిజానికి దూరంలో తేడా పెద్దగా లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్లినా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినా 15,400 దగ్గరే తేలుతుంది. కాబట్టి కిలోమీటర్లు పక్కన పెట్టేయండి.

టికెట్ మీద టైము చూసి కూడా మోసపోవద్దు. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. జూన్‌లో శంషాబాద్‌లో తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి దిగుతారని ఉంటే అది పన్నెండు గంటల ప్రయాణం కాదు, ఇరవై రెండున్నర.

నా లెక్కలో అసలు విషయం, అమెరికాలో మొదట ఎక్కడ దిగుతారన్నది. ఇమ్మిగ్రేషన్ అక్కడే. చెక్ చేసిన పెట్టెలు కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించాలి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి డాలస్‌కు మారే టికెట్ కొన్నారనుకోండి, పదహారు గంటలకు పైగా కూర్చుని దిగిన పెద్దాయన వేలిముద్రలు వేసి, "ఎన్నాళ్లుంటారు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి, ఆవకాయ సీసాలున్న పెట్టెలను బెల్టు మీంచి లాగి, మళ్లీ అప్పజెప్పి, ఇంకో విమానం వెతుక్కోవాలి, అదీ ఒక్కరే. అదే దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లోలా మొదట డాలస్‌లోనే దిగితే ఎంత ఆలస్యమైనా బయట కొడుకు నిలబడి ఉంటాడు. గన్నవరంలోనే విమానం ఎక్కేయొచ్చన్న సుఖం ఒక్కటీ ఢిల్లీ దారికి ఉంది, కాదనను. కానీ పాకిస్థాన్ 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు తన గగనతలం మూసేశాక అటు వెళ్లే ఎయిరిండియా విమానాలకు చుట్టు పెరిగింది. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే నేనైతే ఈ దారి వద్దంటాను.

ఇక మిగిలిన రెంటిలో దుబాయ్ దారి నాలుగు గంటలు, ఆ తర్వాత ఏకబిగిన పదహారు. ఫ్రాంక్‌ఫర్ట్ దారి తొమ్మిది, పది గంటలు ఒకటి, పదకొండు దాకా ఇంకొకటి. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపులు ఉన్నవాళ్లకు ఫ్రాంక్‌ఫర్టే నయం, మధ్యలో లేచి నడుస్తారు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే అక్కడ విమానం మారడానికి వేరే వీసా అక్కర్లేదు. అయినా నా మొగ్గు దుబాయ్ వైపే. హైదరాబాద్‌లో ఎక్కినవాళ్లలో ఎవరో ఒక తెలుగు జంట మీ వాళ్లతో పాటే డాలస్ దాకా వస్తుంది, గేటు ఎటో, భోజనంలో ఏముందో అడగడానికి మనిషి దొరుకుతారు. ఇంగ్లిష్ రాని అమ్మకు దానికి మించిన ధైర్యం లేదు. దోహా కూడా దాదాపు ఇంతే. అబుదాబిలో అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే పూర్తి చేస్తారు, న్యూయార్క్, షికాగో వెళ్లేవాళ్లు చూసుకోవచ్చు.

మధ్యలో ఆగే సమయం మూడు గంటలకు తగ్గకుండా చూడండి, టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని అడగండి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి, విడిగా కొంటే మొదటి విమానం లేటైనప్పుడు రెండో టికెట్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. పిడుగురాళ్ల మీదుగా వెళ్లినా విజయవాడ హైవే పట్టినా శంషాబాద్‌కు అయిదారు గంటలు వేసుకోండి. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర కార్ల బారు చూశాక కూడా అదే రాత్రి విమానానికి అదే రోజు మధ్యాహ్నం బయల్దేరేవాళ్లున్నారు, వాళ్ల గుండెధైర్యానికి దండం.