పార్కిన్సన్స్ ఎంత ముదిరిందో చెప్పడానికి ఏది మేలు: డ్యాట్ స్కానా, ఎమ్మారైనా?

పార్కిన్సన్స్ అని తేలాక చాలామందికి వచ్చే ఆలోచన: ఏడాదికోసారి స్కాన్ తీయించుకుంటే జబ్బు ఎంత ముదిరిందో తెలిసిపోతుంది కదా అని. అంత సులువు కాదు.

డ్యాట్ స్కాన్‌లో అయోడిన్-123 కలిపిన మందు నరంలోకి ఎక్కించి, 3 నుంచి 6 గంటల తర్వాత ఫొటో తీస్తారు. కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని అందించే నరాల కొసలు మెదడులో ఎంతవరకు మిగిలాయో అందులో కనిపిస్తుంది. మామూలు మెదడులో అటొకటి ఇటొకటి రెండు కామాలు. జబ్బు ఉంటే కామా తోక చెరిగి ఫుల్‌స్టాప్ మిగులుతుంది, సాధారణంగా ఒకవైపు ఎక్కువగా. చేతుల వణుకు పార్కిన్సన్స్ వల్లనా, లేక ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే వణుకు జబ్బు వల్లనా అని డాక్టర్ తేల్చుకోలేనప్పుడు ఇది బాగా పనికొస్తుంది. అమెరికాలో 2011లో అనుమతి ఇచ్చిందీ అలాంటి అవసరానికే.

ముదురుదల కొలవడానికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మొదటి కొన్నేళ్లలోనే తోక దాదాపు పోతుంది, ఇక తగ్గడానికి పెద్దగా ఏమీ ఉండదు. మందుల గొడవ మరొకటి. 2004లో వచ్చిన ఎల్‌డోపా (ELLDOPA) అనే అధ్యయనంలో, పార్కిన్సన్స్‌కు ప్రధానంగా ఇచ్చే మందు లెవోడోపా వాడినవాళ్లు కదలికల్లో మెరుగ్గా ఉన్నారు, ఇదే తరహా స్కాన్‌లో మాత్రం వాళ్లకే ఎక్కువ నష్టం కనిపించింది. మందు నరాలను పాడుచేస్తోందా, లేక స్కాన్ అంకెనే మార్చేస్తోందా? 2019 నాటి లీప్ (LEAP) అనే మరో అధ్యయనంలో లెవోడోపా ముందుగా మొదలుపెట్టినందుకు హాని కనబడలేదు, జబ్బు నెమ్మదించిన జాడా లేదు. స్కాన్ చూసి మాత్రలు మానేయాలనుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు.

మామూలు ఎమ్మారై ఈ జబ్బులో తరచూ నార్మల్‌గానే వస్తుంది. వేరే జబ్బేదీ కాదని నిర్ధారించుకోవడానికి తీస్తారు. కథంతా ప్రత్యేక పద్ధతుల్లో ఉంది. న్యూరోమెలనిన్ ఎమ్మారైలో, డోపమైన్ కణాల్లోని నల్ల రంగు పదార్థం తెల్లగా మెరుస్తుంది, కణాలు పోయేకొద్దీ ఆ మెరుపు తగ్గుతుంది. ఫ్రీ వాటర్ పద్ధతిలో, అదే చోట కణాల బయటి నీరు ఏళ్లు గడిచేకొద్దీ పెరగడాన్ని కొలుస్తారు. రేడియేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు, ఎన్నిసార్లయినా తీయొచ్చు. కాకపోతే మెషీన్ మారితే, సెట్టింగ్ మారితే అంకె కూడా మారొచ్చు. అందుకే ఇవి ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి.

నన్నడిగితే, జబ్బేమిటో అనుమానం ఉంటే డ్యాట్ స్కాన్, అదీ ఒక్కసారి. కొత్త మందుల పరీక్షల్లో ముదురుదల కొలవాలంటే ఫ్రీ వాటర్ ఎమ్మారై వైపే మొగ్గుతాను. రోగికి మాత్రం న్యూరాలజిస్ట్ చేసే పరీక్షే మేలు: బొటనవేలికి చూపుడువేలు 10 సార్లు గబగబా, వెడల్పుగా తట్టమని, వేగం ఎక్కడ తగ్గిందో చూసి 0 నుంచి 4 దాకా మార్కు వేస్తారు. పోయినసారి మాత్ర వేసుకున్న ఎంతసేపటికి చూపించుకున్నారో ఈసారీ అంతసేపటికే చూపించుకోండి, లేకపోతే రెండు మార్కులనూ పోల్చి లాభం లేదు.